పుట్టింటి తరఫున ఒక్కడు

మిల్టన్,
సెప్టెంబరు 2022

చిరంజీవి సౌభాగ్యవతి కావ్యశ్రీకి అన్నయ్య ఆశీస్సులు.

ముప్పావు గంటలో కారులో వచ్చేసే దూరానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావు కదూ. నవ్వుకో. మొన్న ఆదివారం నేను ఫోన్ చేస్తే నువ్వు హలో కూడా అనలేదు. “ఎవరన్నయ్యా?” అన్నావు. ఎవరు పోయారని అడుగుతున్నావని అర్థమైంది. నీకు మూడో నెల నిండిందని మీ వదిన చెబితే సంతోషం పట్టలేక చేసిన ఫోన్ అది. ఏమీ లేదులే, ఊరికే చేశానని పెట్టేశాను. కడుపుతో ఉన్న పిల్లని నా పేరుతో హడలగొట్టడం ఇష్టం లేక ఈసారి స్టాంపు కొన్నాను.

నీ ఒక్కదాని సంగతే కాదు. ఆఫీసులో మనవాళ్ళకి ఫోన్ చేసి పార్కింగ్ గురించి అడిగినా ముందు దేవుడి పేరు వినిపిస్తుంది. మా పాప మరీ ఘోరం. నా ఫోన్ మోగితే చాలు, “హూ డైడ్, డాడ్?” అంటుంది, ఇవాళ కూరేమిటి అన్నంత మామూలుగా.

ఇందులోకి నేను కావాలని దిగలేదని నీకు తెలుసు. ఏజాక్స్‌లో షాలేమ్ అనే స్టూడెంట్ సరస్సులో మునిగిపోయాడు. ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మకి ఇంగ్లీషు రాదు, ఇక్కడి పోలీసులకి తెలుగు రాదు. ఆ రోజు ఆ చుట్టుపక్కల ఉన్నాను కాబట్టి ఫోన్లో ఆవిడకి రెండు మాటలు చెప్పి వచ్చేద్దామని వెళ్ళాను. చెప్పాక ఆవిడ నన్ను వదల్లేదు. బాబూ, వాణ్ణి నాకు పంపించు అంది. శవాన్ని సిద్ధం చేసే ఫ్యూనరల్ హోమ్ ఎక్కడుంటుంది, కాన్సులేట్‌లో ఎవరిని అడగాలి, విమానంలో ఎలా పంపుతారు, అన్నీ అప్పుడే నేర్చుకున్నాను. నేర్చుకోవడమే పొరపాటైంది. ఇప్పుడు ఈ దేశంలో చదువుకోడానికి విమానం దిగే మన పిల్లలు ఇంతమంది కదా, వాళ్ళలో ఎవరికి ఏ కష్టమొచ్చినా చివరికి నా నంబరే తిరుగుతుంది.

మన తెలుగు సంఘంలో తలా ఒక చెయ్యి వేస్తారు. ఒకరు పిల్లలకి దుప్పట్లు ఇస్తారు, ఒకరు రెజ్యూమేలు దిద్దుతారు. వాళ్ళని పండగలకి పిలుస్తారు. నాకు మాత్రం ఉగాది రోజు స్టేజీ మీద శాలువా కప్పారు. సమాజానికి తిరిగి ఇవ్వడమంటే ఇదీ అని మన సంఘం పెద్ద త్యాగరాజుగారు మైకులో గట్టిగానే అన్నారు. కిందికి దిగి ప్లేటు పట్టుకుని కూర్చుంటే మా టేబుల్ దగ్గర నేనూ మీ వదినా పాపా తప్ప ఎవరూ లేరు. మా వరసలోనే రెండిళ్ళ అవతల గృహప్రవేశం అయితే వంటల వాసన తప్ప పిలుపు రాలేదు.

సరే, నా సోది వదిలెయ్. నీ సీమంతం ఎప్పుడో చెప్పు. అమ్మా నాన్నా లేరు కాబట్టి నీ పుట్టిల్లంటే నేనే. చలిమిడి మీ వదిన చేస్తుంది, సారె నేను మోసుకొస్తాను. గాజులు ఏ రంగు కావాలో రాయి. పోయినసారిలా ఎరుపు తెస్తే పచ్చ అడిగానని పేచీ పెట్టకు.

నీ అన్నయ్య,
చక్రధర్


కేంబ్రిడ్జ్,
అక్టోబరు

అన్నయ్యకి,

నీ ఉత్తరం పోస్టుబాక్సులో చూసి మా ఆయన రామ్, ఎవరో కోర్టు నోటీసు పంపారనుకున్నారు. నీ చేతిరాత ఇంకా కోడి గీకినట్టే ఉంది. అయినా రెండుసార్లు చదివాను.

ఎవరన్నయ్యా అని అడిగినందుకు సారీ. అనాలని అనలేదు.

సీమంతం ఇప్పుడే కాదు. తొమ్మిదో నెల వచ్చాకే అంటున్నారు అత్తయ్య. ఆవిడ హైదరాబాద్ నుంచి వచ్చి రెండు వారాలైంది. హాలు చిన్నది తీసుకుంటారట, ఎవరెవరిని పిలవాలో ఇంకా అనుకోలేదట. నువ్వు తొందరపడి ఏమీ కొనకు.

ఇంతవరకు రాసి పెన్ను పక్కన పెట్టి మళ్ళీ కూర్చున్నాను. నీ దగ్గర దాపరికం నాకు చేతకాదు. పోయినేడాది నువ్వు బ్రాంప్టన్‌లో చనిపోయిన ఒకబ్బాయి పని చూసుకుని నేరుగా మా ఇంటికొచ్చి భోంచేశావు. స్నానం కూడా లేదు. ఆ వారంలోనే నా కడుపు పోయింది. డాక్టరు ఇది చాలామందికి జరిగేదే, ఎవరి తప్పూ కాదని చెప్పింది. నీ వల్ల మైల తగిలిందన్న అత్తయ్య మాటలకి నువ్వూ నేనూ నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఈసారి వచ్చిన మొదటిరోజే మీ అన్నయ్య ఇంకా ఆ పని చేస్తున్నాడా అని అడిగారు. చేస్తున్నాడని చెప్పాను. ఆ పూట ఆవిడ అన్నం తినలేదు.

ఆవిడ చెడ్డది కాదన్నయ్యా. నాకు కాళ్ళు వాస్తే ఆవిడే రాస్తుంది. ఈ బిడ్డ దక్కాలని ఉపవాసాలు ఉంటోంది. ఆ భయం ముందు నేనేం వాదించగలను?

ఒక్కటి అడుగుతాను, కాదనకు. నాకు పురుడు వచ్చేవరకు ఆ పని మానెయ్. నువ్వు లేకపోతే ఇంకెవరో ఒకరు చూసుకుంటారు. ఇంతమంది ఇంజనీర్లు ఉన్నారు, ఇంతమంది మేనేజర్లు ఉన్నారు, ఒక్కరికీ చేతకాదా? నువ్వు మానేశావని చెప్పి సీమంతానికి అత్తయ్యని నేనొప్పిస్తాను. నువ్వు లేకుండా నాకు ఎవరు గాజులు తొడుగుతారు?

కోపం తెచ్చుకోకు. గాజులు పచ్చవే.

కావ్య


మిల్టన్,
నవంబరు

కావ్యకి,

మానేశాను. నువ్వు అడిగిన వారంలోనే త్యాగరాజుగారింటికి వెళ్ళి చెప్పాను. ఆయన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, భలేవారే, దీనికేముంది, కమిటీ వేద్దాం అన్నారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపు తయారైంది. అందులో చేరినవాళ్ళందరికీ హోదాలున్నాయి. ఫ్యూనరల్ హోమ్ వాళ్ళ నంబర్లు, ఏ కాగితం తర్వాత ఏ కాగితం, అన్నీ రాసి పెట్టాను. అందరూ బొటనవేలి బొమ్మ పెట్టారు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు.

మీ వదిన మొహం చూడాల్సింది. ఇస్త్రీ బల్ల మీద ఎవరివో తెలియని చొక్కాలు కనబడవని సంబరం. పోయినవాళ్ళకి మంచి చొక్కా ఉండదు, పిల్లలు కదా, టీషర్టులే. నేనే కొని ఇంట్లో ఇస్త్రీ చేసి తీసుకెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ అది చూసి మీ వదిన వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకునేది.

శనివారాలు ఖాళీ అయ్యేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. ఊరికే కూర్చోలేక ఎయిర్‌పోర్టు పికప్‌లకి పేరిచ్చాను. బతికున్న పిల్లల్ని చూద్దామనిపించింది. మొదటి అబ్బాయి, పాపం, జాకెట్టు కూడా లేకుండా దిగాడు. కారెక్కి వాళ్ళమ్మకి ఫోన్ చేశాడు. ఎవరు వచ్చారురా అంటే నా పేరు చెప్పాడు. అంతకుముందు వాళ్ళ ఊరికి ఒకబ్బాయి శవాన్ని పంపించింది నేనేనట. అంతే, అవతల ఆవిడ ఏడుపు లంకించుకుంది. నేను వీడియోలో కనబడి, అమ్మా, మీ అబ్బాయి బాగానే ఉన్నాడు, ఇడ్లీ తింటున్నాడు అని చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఆ తర్వాత పికప్‌లకి నన్ను పిలవలేదు.

నవ్వు వస్తే నవ్వు. నాకూ వచ్చింది కాసేపు.

ఇప్పుడు నా ప్రశ్న. మాట నిలబెట్టుకున్నాను. ఫోన్ మోగితే కమిటీ నంబరు చెప్పి పెట్టేస్తున్నాను. అది ఎంత కష్టంగా ఉంటుందో నీకు చెప్పలేను. మరి మీ అత్తగారు ఏమన్నారు? నన్ను పిలుస్తారా, పిలవరా? హాలు చిన్నదని మాత్రం మళ్ళీ రాయకు. నేను ఒక్క కుర్చీయే కదా.

అన్నయ్య


కేంబ్రిడ్జ్,
డిసెంబరు

అన్నయ్యా,

నేను నీకు చాలా అన్యాయం చేశాను. నీకు కాదు, ఇంకెవరికో.

మా వీధి చివర బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలు ఉంటారు. వాళ్ళలో ఎమిలీ అని ఒకమ్మాయి, తెనాలి వైపు. వేర్‌హౌస్‌లో షిఫ్టు చేసి వస్తుంటే మంచు మీద కారు జారిపోయింది. కారులో ఉన్న మిగతా వాళ్ళకి దెబ్బలు తగిలాయి, ఎమిలీ పోయింది. నీ కమిటీ గ్రూపులో త్యాగరాజుగారు ఆ పిల్ల ఫొటోకి దీపం బొమ్మ పెట్టారట. అందరూ దండాలు పెట్టారట. ఆసుపత్రికి మాత్రం ఒక్కరూ వెళ్ళలేదు. ఒకరికి క్లయింటు మీటింగు, ఒకరింట్లో అయ్యప్ప మాల, ఒకరు మెక్సికో వెళ్ళారు. ఆసుపత్రి వాళ్ళు ఎవరైనా మనిషి రండి అని అడుగుతూనే ఉన్నారు. ఆ అమ్మాయిలు ఇక దారి లేక, చక్రధర్ అన్న చెల్లెలి ఇల్లు ఇదేనట అని మా తలుపు కొట్టారు. నువ్వు ఫోన్లో కమిటీకి చెప్పమన్నావట కదా.

తలుపు తీసింది అత్తయ్య. వాళ్ళు లోపలికి రాలేదు, చెప్పులు విప్పలేదు, చలిలో అలాగే నిలబడి చెప్పారు. ఒకమ్మాయి ఫోన్లో ఎమిలీ వాళ్ళమ్మ ఉంది. ఆ ఏడుపు అత్తయ్యా విన్నారు, నేనూ విన్నాను. అత్తయ్య నా వైపు తిరిగి మీ అన్నయ్యని పిలువు అన్నారు.

నాకు ఎంత తేలికైపోయిందో. అమ్మయ్య, ఇక అయిపోయింది అనుకున్నాను. వాళ్ళు వెళ్ళాక ఆవిడ నా పక్కన కూర్చుని ఏమన్నారో రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను. “పని వరకు పిలువమ్మా. ఇంటికి మాత్రం వద్దు. సీమంతానికి అసలు వద్దు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. పని కావాలి, మనిషి వద్దా? మా అన్నయ్య మిమ్మల్ని ఎప్పుడైనా ఇలా చూశాడా? అదే మాట అడిగేశాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. రామ్ మధ్యలో నిలబడి ఎవరికి మంచినీళ్ళివ్వాలో తెలియక రెండు గ్లాసులూ ఆయనే తాగేశారు.

ఫోన్లో నీతో రెండు ముక్కలే చెప్పాను, ఎమిలీ పేరు, ఆసుపత్రి పేరు. నువ్వు సరే అన్నావు. ఎందుకు, ఏమిటి అనలేదు. నీ మాట నీకు తిరిగి ఇచ్చేస్తున్నాను. నువ్వు మానకు. సీమంతం సంగతి నాకు వదిలెయ్. నువ్వు రాకపోతే నేను ఆ పీట మీద కూర్చోను.

కావ్య


మిల్టన్,
జనవరి 2023

కావ్యకి,

ఎమిలీని పంపించేశాను. అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

క్రిస్మస్ సెలవుల్లో ఆఫీసులన్నీ మూసేస్తారు కాబట్టి కాగితాలు కదలలేదు. ఆ పిల్ల పండక్కి తెల్ల గౌను కొనుక్కుందట. స్నేహితురాళ్ళు అది తెచ్చి ఇచ్చారు. ఇస్త్రీ చేస్తుంటే మీ వదిన ఈసారి తలుపేసుకోలేదు. గౌను నా చేతిలోంచి తీసుకుని, నీకు మడతలు రావు, ఇటివ్వు అని తనే చేసింది. జడ ఎవరూ వెయ్యలేదని స్నేహితురాళ్ళని పిలిచి దగ్గరుండి వేయించాను.

వాళ్ళ నాన్న ప్రేమానందంగారు స్కూలు మాస్టారు. ఫోన్లో ఆయన అడిగింది ఒక్కటే. “బాబూ, మా అమ్మాయి దగ్గర ఎవరున్నారు?” నేనున్నానండీ అన్నాను. అయితే ఫోన్ దాని దగ్గర పెట్టమన్నారు. పెట్టాను. ఆయన అక్కడి నుంచి ప్రార్థన చేశారు. చేతిలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాను, ఆయన చివర్లో నా పేరు కూడా చెప్పి నా బిడ్డ కోసం ప్రార్థించారు.

ఆ ఫ్యూనరల్ హోమ్ నుంచి మీ వీధి కనబడుతుంది. మీ ఇంటి ముందు నుంచే వెళ్ళాను. లైటు వెలుగుతోంది. ఆగలేదు.

కమిటీ రద్దయింది. ఎవరూ రద్దు చేయలేదు, ఒక్కొక్కరే గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నంబరు మళ్ళీ నాదే. త్యాగరాజుగారు ఫోన్ చేసి, మీరు చేసినట్టు ఎవరికీ రాదండీ అన్నారు. ఆయనకి ఆ మాట చెప్పి పెట్టెయ్యడం చాలా సులువు.

సీమంతానికి నేను రాను. మీ అత్తగారితో పోట్లాడకు. పెద్దావిడ, నీ మంచి కోరే అంటోంది. ఆవిడ వద్దన్నాక నేను వచ్చి కూర్చుంటే నువ్వు నవ్వుతూ ఉండలేవు. సారె మీ వదినతో పంపిస్తాను. పచ్చ గాజులు దొరికాయి.

అన్నయ్య


కేంబ్రిడ్జ్,
ఫిబ్రవరి మొదటివారం

అన్నయ్యా,

సూటిగా అడుగుతాను, సూటిగా చెప్పు.

నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను అత్తయ్యతో మాట్లాడటం మానేశాను. ఆవిడ పెట్టిన అన్నం పక్కకి నెట్టి బ్రెడ్డు తిన్నాను. కాళ్ళకి నూనె రాస్తానంటే వద్దన్నాను. నా అన్నయ్యని గడప తొక్కనివ్వని ఇంట్లో నాకేం సేవలొద్దన్నాను. ఇన్ని రోజులూ ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నిన్న వంటింట్లో గిన్నె తోముతూ తోముతూ అక్కడే కూలబడిపోయింది. ఏడుస్తూ అసలు విషయం చెప్పింది.

ఎమిలీని పంపించాక వాళ్ళమ్మ ఇక్కడి అమ్మాయిలకి రోజూ ఫోన్ చేసేదట. వాళ్ళు డ్యూటీలో ఉంటే, తన నంబరు ఇచ్చి ఉంచిన అత్తయ్యే మాట్లాడేది. నాకు తెలియదు. మీ కోడలి అన్నగారు మా పిల్లకి జడ కూడా వేయించాడమ్మా, మా ఇంటి మనిషి కూడా అలా చెయ్యడు అని ఆవిడ చెప్పిందట. ఆ మాట విన్నరోజే అత్తయ్య నీకు ఫోన్ చేసిందట. బొట్టు పెట్టి పిలవాల్సినవాణ్ణి ఫోన్లో పిలుస్తున్నాను, తప్పైపోయింది, సీమంతానికి రా నాయనా అందట. నువ్వు రానన్నావట. పైగా ఈ సంగతి కావ్యకి చెప్పవద్దని మాట తీసుకున్నావట.

నిజమేనా?

నిజమైతే, ఆవిడ వద్దందని నాకు ఎందుకు రాశావు? ఆ పెద్దావిడని నేను నెలరోజులు కాల్చుకు తింటే నువ్వు ఊరుకున్నావు. ఆవిడ మాటకి కట్టుబడి నోరు విప్పలేదు. ఇప్పుడు నేను ఆవిడ మొహం ఎలా చూడాలి?

కావ్య


మిల్టన్,
ఫిబ్రవరి

కావ్యకి,

నిజమే. మీ అత్తగారికి నా తరఫున కాళ్ళకి దండం పెట్టు. ఆవిడ పిలిచిన పద్ధతికి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తప్పంతా నాది. ఆవిడ భయం వెనక దాక్కుంటే నా భయం ఎవరికీ కనబడదనుకున్నాను.

అప్పట్లో మీ అత్తగారి మాటలకి మనిద్దరం నవ్వుకున్నామని రాశావు. నువ్వు నవ్వావు. నేను నీకోసం నవ్వాను. ఇంటికొచ్చి షవర్ కింద నిలబడితే మీ వదిన వచ్చి తలుపు కొట్టేదాకా బయటికి రాలేదు. డాక్టరు చెప్పింది నాకు అర్థమవుతుంది. చదువుకున్నవాణ్ణే. ఎదుటివాళ్ళు మైల అంటే వాదించి గెలుస్తాను కూడా. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఓడిపోతాను.

పాపని ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటాను. కడిగాక వాసన చూసుకుంటాను. అది ముద్దు పెట్టబోతే మొహం తిప్పుకుంటున్నానని మీ వదిన కనిపెట్టింది. ఎవరైనా పొరపాటున ఇంటికి పిలిచినా ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాను. మమ్మల్ని ఎవరూ పిలవరని నీకు రాశాను కదా. ఇద్దరు ముగ్గురు పిలిచారు. నేనే వెళ్ళలేదు.

మానేద్దామంటే ప్రేమానందంగారి గొంతు వినిపిస్తుంది, మా అమ్మాయి దగ్గర ఎవరున్నారు అని. అలాంటి ప్రశ్నకి ఎవరూ లేరండీ అని జవాబు రాకూడదు. కాబట్టి మానలేను. మానకుండా నీ దగ్గరికి రాలేను. ఆ పీట మీద నువ్వు కూర్చుని ఉండగా నీ చేతికి గాజు తొడుగుతూ నా చెయ్యి తగిలి, ఆ తర్వాత ఏదైనా అయితే? ఎవరూ నన్ను ఏమీ అనరు. మీ అత్తగారు కూడా అనరు. నేను మాత్రం బతకలేను. ఎటూ కదలకుండా ఇరుక్కుపోయాను కావ్యా. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సారె మీ వదిన తెస్తుంది. నన్ను వదిలెయ్.

అన్నయ్య


కేంబ్రిడ్జ్,
ఫిబ్రవరి ఆఖరు

అన్నయ్యా,

నిన్న అత్తయ్య కాళ్ళు పట్టుకుని క్షమించమని అడిగాను. పొట్ట అడ్డమొచ్చి సరిగ్గా వంగలేకపోయాను. ఆవిడ నవ్వింది. ఆ తర్వాత నీ ఉత్తరం చదివి వినిపించాను. నీకు కోపం రావచ్చు, రానీ. ఆవిడ అంతా విని, నా భయమే ఆ పిల్లాడికి అంటించాను అంది. వచ్చే ఆదివారం, సీమంతం రోజు పొద్దున్న, తనే గుమ్మంలో నిలబడి నిన్ను లోపలికి తీసుకొస్తానంది.

నీ భయం పోగొట్టడం నాకు చేతకాదు. నాకూ ఉంది. రోజూ కడుపు మీద చెయ్యి వేసుకుని బిడ్డ కదిలేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. నువ్వు వచ్చినా ఉంటుంది, రాకపోయినా ఉంటుంది. అలాంటప్పుడు నువ్వు పక్కనుంటే నయం కదా.

పెద్దవాళ్ళు వింటే నోరు మూసుకోమంటారు, అయినా రాస్తున్నాను. రేపు పురుట్లో నాకేదైనా అయితే ఎవరు వస్తారు? నువ్వే. పిలవక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు, పరిగెత్తుకుంటూ వస్తావు. చేతులు కడుక్కున్నానా లేదా అని చూసుకోవు. అందరూ వెళ్ళిపోయినా నా దగ్గర నువ్వుంటావు. పోయినవాళ్ళందరి దగ్గరికీ అలాగే వెళ్ళావు.

నేను బతికే ఉన్నాను. నా దగ్గరికి రా.

కావ్య